సీసా నుంచి సాక్షి బోను దాకా: ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో రసాయన నిపుణుల పని

అనుమానాస్పద మరణం, గంజాయి పట్టివేత, ఏసీబీ వలకు చిక్కిన లంచం కేసు, కల్తీ కల్లు తాగి ఆసుపత్రి పాలైన వాడ. పత్రికల్లో ఇవి వేర్వేరు పేజీల వార్తలు. ఏదో ఒక రోజు మాత్రం నాలుగూ ఒకే గడప తొక్కుతాయి. అది రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ, వాడుకలో ఎఫ్‌ఎస్‌ఎల్. అక్కడి రసాయన, విష విభాగాల్లో పనిచేసే నిపుణులను చట్టం అడిగేది చాలా చిన్న ప్రశ్న: ఈ సీసాలో ఏముంది? ఎవరు పోశారు, ఎందుకు పోశారు అన్నవి వాళ్లు తేల్చాల్సినవి కావు. ఆ చిన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఒక మనిషి ఇరవయ్యేళ్లు జైల్లో ఉండవచ్చు, లేదా ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఈ ఉద్యోగం పుట్టిందే పాషాణం వల్ల. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో పాషాణం, అంటే ఆర్సెనిక్, కొట్లో చౌకగా దొరికే ఎలుకల మందు. రుచీ వాసనా లేని తెల్లపొడి. తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే చుట్టుపక్కలవాళ్లు కలరా అనుకునేవారు. 1833లో ఇంగ్లండ్‌లో ఒక ముసలాయనకు కాఫీలో పాషాణం కలిపి చంపారన్న కేసు వచ్చింది. జేమ్స్ మార్ష్ అనే రసాయనవేత్త కాఫీని పరీక్షించి పసుపుపచ్చ అవక్షేపం రాబట్టాడు. తీరా జ్యూరీ ముందు పెట్టే సమయానికి అది పాడైపోయింది. ముద్దాయి విడుదలయ్యాడు. ఆ ఓటమి నుంచి మార్ష్ కొత్త పరీక్ష తయారుచేసి 1836లో ప్రకటించాడు. అనుమానించిన పదార్థాన్ని జింకుతో, ఆమ్లంతో కలిపితే అందులోని పాషాణం వాయువుగా మారుతుంది. దాన్ని వేడి గాజు గొట్టం గుండా పంపితే లోపలి గోడ మీద మెరిసే నల్లటి పొరగా పేరుకుంటుంది. ఆ గొట్టాన్ని కోర్టుకు తీసుకెళ్లి చూపించవచ్చు. కనిపెట్టడం ఒక్కటే చాలదని, కనిపెట్టినది న్యాయమూర్తి ముందుకు వచ్చేదాకా చెక్కుచెదరకుండా ఉండాలని ఈ వృత్తి నేర్చుకున్న తొలి పాఠం అదే.

మొక్కల నుంచి వచ్చే విషాలు ఇంకా కష్టం. అవి శరీరంలో కలిసిపోతే తిరిగి తీయడం అసాధ్యమనే 1850 దాకా చాలామంది నమ్మారు. ఆ ఏడాది బెల్జియంలో నికోటిన్‌తో జరిగిన హత్యను తేల్చడానికి స్తాస్ అనే శాస్త్రవేత్త అవయవాలను ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో నానబెట్టి, వడకట్టి, క్షారం చేర్చి, ఈథర్‌లోకి విషాన్ని లాగాడు. ఒటో అనే జర్మన్ రసాయనవేత్త దాన్ని మెరుగుపరిచాడు. స్తాస్-ఒటో పద్ధతి అన్న పేరు నేటికీ ప్రతి టాక్సికాలజీ పాఠ్యపుస్తకంలో ఉంది. యంత్రాలు మారాయి గాని, మాంసం నుంచి విషాన్ని విడదీసే ఆలోచన మారలేదు.

భారతదేశంలో మొదటి రసాయన పరీక్షకుడి ప్రయోగశాల 1849లో మద్రాసులో వెలిసింది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే. ఆ తర్వాత కలకత్తా, ఆగ్రా, బొంబాయిల్లో ఇలాంటివే వచ్చాయి. యూరప్ పుస్తకాలు ఇక్కడ సగమే పనికొచ్చాయి. దారిన పోయే బాటసారులకు తిండిలో ఉమ్మెత్త గింజలు కలిపి మత్తులో పడేసి దోచుకునేవాళ్లు, పశువులను చంపడానికి గురివింద గింజల ముద్దతో చేసిన ముల్లు గుచ్చేవాళ్లు ఇక్కడ ఉన్నారు. గన్నేరు కాయ, ముషిణి గింజ, నాభి వేరు, మైలుతుత్తం కూడా ఆ బల్లల మీదికి వచ్చేవి. ఇప్పుడు ఆ స్థానంలో పురుగుమందులు, గడ్డిమందు, ధాన్యంలో పెట్టే బిళ్లలు, తలకు వేసుకునే నల్ల రంగు వస్తున్నాయి. ఏ కాలంలో ఊళ్లో ఏ విషం చేతికి అందుతుందో ల్యాబ్ రిజిస్టర్ చూస్తే తెలిసిపోతుంది.

స్వాతంత్ర్యం తర్వాత విష పరీక్షలతో పాటు తుపాకులు, రక్తం, దస్తావేజులు అన్నీ ఒకే కప్పు కిందికి వచ్చాయి. 1952లో కలకత్తాలో తొలి రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఏర్పడింది. హైదరాబాద్‌లో కేంద్ర ప్రయోగశాల కూడా ఉంది, అది కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ల్యాబ్ 2014 విభజన తర్వాత తెలంగాణకు ఉండిపోగా, ఆంధ్రప్రదేశ్ తనకంటూ వేరే ల్యాబ్‌ను సమకూర్చుకోవాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాల కేసుల కోసం ప్రాంతీయ ల్యాబ్‌లు ఉన్నాయి. నేరం జరిగిన చోటికి వెళ్లే క్లూస్ టీమ్‌ను, ల్యాబ్‌లో కూర్చునే నిపుణులను జనం ఒకటే అనుకుంటారు. చాలా కేసుల్లో రసాయన నిపుణులు ఆ ఇల్లు చూడరు, ఆ మనిషిని చూడరు. వాళ్లకు కనబడేది మూత బిగించి సీలు వేసిన సీసా, దాని వెంట వచ్చిన కాగితం.

ఈ ఉద్యోగాలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది రసాయనశాస్త్రంలోనో ఫోరెన్సిక్ సైన్స్‌లోనో ఎమ్మెస్సీ చేసినవాళ్లు. సైంటిఫిక్ అసిస్టెంట్‌గా చేరితే సైంటిఫిక్ ఆఫీసర్, అసిస్టెంట్ డైరెక్టర్, ఆపైన మెట్లు. కాలేజీలో శుద్ధమైన రసాయనాలతో పనిచేసి వచ్చినవాళ్లకు మొదటి ఏడాది కొత్త చదువే. ఇక్కడికి వచ్చే నమూనా ఏదీ శుద్ధంగా ఉండదు. అందులో రక్తం ఉంటుంది, మట్టి ఉంటుంది, కుళ్లు ఉంటుంది, ఆసుపత్రిలో ఎక్కించిన మందులు ఉంటాయి. ఎంత ఉందో కూడా తెలియని ఒక పదార్థాన్ని ఆ కలగాపులగంలోంచి వెతకాలి.

నమూనా రాకతో పని మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు కోర్టు ద్వారా పంపే కాగితాన్ని లెటర్ ఆఫ్ అడ్వైజ్ అంటారు. కేసు నంబరు, సెక్షన్లు, క్లుప్తంగా జరిగినది, పంపిన వస్తువుల జాబితా, ల్యాబ్ చెప్పాల్సిన ప్రశ్నలు అందులో ఉంటాయి. అడుగున సీలు నమూనా ఉంటుంది. సీసా మూత చుట్టూ గుడ్డ కట్టి లక్కతో వేసిన ముద్ర, కాగితం మీది ముద్ర ఒకటేనా అన్నది మొదట చూస్తారు. లక్క చెదిరినా, అక్షరం తేడా వచ్చినా, ఐదు సీసాలని రాసి నాలుగే వచ్చినా అక్కడే రాసుకుంటారు, అవసరమైతే తిప్పి పంపుతారు. బయటివాళ్లకు ఇది గుమాస్తా పనిలా కనబడుతుంది. ఈ వృత్తిలో ఇంతకన్నా ముఖ్యమైన పని మరొకటి లేదని చెప్పవచ్చు. కోట్ల రూపాయల యంత్రం సీసాలో ఉన్నదేమిటో చెప్పగలదు. ఆ సీసా ఫలానా మనిషిదేనని చెప్పేది మాత్రం లక్క ముద్రే.

విష మరణాల్లో వచ్చేది విసెరా. పోస్టుమార్టం చేసిన డాక్టరు కడుపు, అందులోని పదార్థం, చిన్నపేగు ముక్క, కాలేయంలో కొంత, రెండు కిడ్నీల్లో సగం సగం తీసి వెడల్పు మూతి సీసాల్లో ఉప్పు ఇక కరగని చిక్కటి ఉప్పునీటిలో వేస్తారు. ఆవకాయ జాడీలో ఉప్పు చేసే పనే ఇక్కడా చేస్తుంది, కుళ్లును ఆపుతుంది. సీసాలో మూడో వంతు ఖాళీ వదలాలి, లేకుంటే లోపల పుట్టే వాయువులు మూతను నెట్టేస్తాయి. రక్తం వేరే సీసాలో సోడియం ఫ్లోరైడ్ కలిపి పంపాలి. అది కలపకపోతే సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను సారాగా మార్చగలవు, బతికుండగా చుక్క ముట్టని మనిషి రక్తంలో మద్యం కనబడవచ్చు. వాడిన ఉప్పునీటిని కొంచెం విడిగా మరో సీసాలో పంపడం కూడా నియమం. ఆ ఉప్పునీళ్లలోనే ఏదైనా కలిసి ఉంటే తెలియాలి కదా. చాలాసార్లు రాకుండా పోయేది ఆ సీసాయే.

మూత తీయగానే వచ్చే వాసనకు ఎవరూ పూర్తిగా అలవాటు పడరు. కానీ అనుభవమున్నవాళ్లు ఆ వాసన నుంచే పని మొదలుపెడతారు. కిరోసిన్ కంపుతో కలిసిన ఘాటు పురుగుమందుకు ఆనవాలు. కుళ్లిన చేప, వెల్లుల్లి కలిసినట్టుంటే ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లను అనుమానించాలి. అప్పుడు సీసా నుంచి వచ్చే ఆవిరికి సిల్వర్ నైట్రేట్‌లో తడిపిన కాగితం పట్టి చూస్తారు. ఫాస్ఫీన్ వాయువు తగిలితే కాగితం నల్లబడుతుంది. తొందరపడితే తప్పు జరిగేది ఇక్కడే, ఎందుకంటే కుళ్లిన మాంసం నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ ఆ కాగితం నల్లబడుతుంది. అందుకే పక్కనే లెడ్ ఎసిటేట్ కాగితం కూడా పెడతారు. రెండూ నల్లబడితే అది కుళ్లు వల్ల కావచ్చు, మరో పరీక్ష కావాలి. మొదటిది మాత్రమే నల్లబడితే అనుమానం బలపడుతుంది. ఒక్క పరీక్షతో దేన్నీ తేల్చకూడదన్న నియమం ఈ రెండు కాగితపు ముక్కల్లో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

పురుగుమందుల విషయంలో కాలేయాన్ని మెత్తగా నూరి, ద్రావణిలో కుదిపి, వడకట్టి, ఆవిరి చేసి, మిగిలిన చుక్కను సిలికా పూసిన గాజు పలక మీద పెడతారు. పక్కనే తెలిసిన మందు చుక్క, ఏమీ కలపని ఖాళీ చుక్క. పలక అడుగు ద్రావణిలో మునిగి అది పైకి పాకేకొద్దీ ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తున ఆగుతుంది. పల్లాడియం క్లోరైడ్ చల్లితే గంధకం ఉన్న ఆర్గానోఫాస్ఫరస్ మందులు పసుపు మచ్చలుగా తేలతాయి. నమూనా మచ్చ, తెలిసిన మందు మచ్చ ఒకే ఎత్తున ఉంటే అది జవాబు కాదు, జవాబు వైపు వేసిన అడుగు. ఖరారు చేసేది గ్యాస్ క్రొమటోగ్రఫీకి జోడించిన మాస్ స్పెక్ట్రోమీటర్. సన్నటి పొడవాటి గొట్టంలో పదార్థాలు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. ఒక్కోదాన్ని యంత్రం ముక్కలు చేసి ఆ ముక్కల బరువుల పటం గీస్తుంది. బయటికొచ్చిన సమయం, ముక్కల పటం రెండూ సరిపోతేనే పేరు రాయాలి. ప్రతి నమూనాకు ముందు ఖాళీ ద్రావణి ఒకసారి నడపాలి, ముందు కేసు తాలూకు అవశేషం యంత్రంలో మిగల్లేదని చూసుకోవడానికి. పని ఒత్తిడిలో మొదట ఎగిరిపోయేది ఈ ఖాళీ పరుగే. దాన్ని వదలని ల్యాబే మంచి ల్యాబ్.

ఎంత జాగ్రత్తగా చేసినా కొన్నిసార్లు రిపోర్టులో ‘విషపదార్థం ఏదీ కనబడలేదు’ అని వస్తుంది. ఊళ్లో దాన్ని ‘విషం లేదని తేలింది’ అని చదువుకుంటారు. రెండింటికీ చాలా దూరం ఉంది. వాంతులైపోయి ఉండవచ్చు. ఆసుపత్రిలో కడుపు కడిగి ఉండవచ్చు, ఆ కడిగిన నీళ్లను భద్రపరిచి ఉండకపోవచ్చు. మనిషి పది రోజులు చికిత్సలో ఉండి పోయాక విషం విరిగిపోయి ఉండవచ్చు. గడ్డిమందు పేరాక్వాట్ కేసుల్లో ఇదే జరుగుతుంది. మొదటి రోజు మూత్రంలో సోడియం డైథయోనైట్ వేస్తే నీలిరంగు వచ్చి చెప్పేసేదాన్ని, వారాల తర్వాత తీసిన కాలేయం చెప్పకపోవచ్చు. కొన్ని మొక్కల విషాలకూ పాము విషానికీ సాధారణ విసెరా పరీక్ష పనికిరాదు. 2014లో సుప్రీంకోర్టు ఒక హత్య కేసులో విసెరాను ల్యాబ్‌కు పంపి రిపోర్టు తెప్పించడం తప్పనిసరి అని గట్టిగా చెప్పింది. అదే తీర్పులో, రిపోర్టు లేనంత మాత్రాన మిగతా సాక్ష్యం చెల్లకుండా పోదనీ చెప్పింది. విషం దొరికినా కేసు అంతటితో రుజువైనట్టు కాదు. 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన శార్దా కేసు తీర్పు ప్రకారం నాలుగు విషయాలు తేలాలి: కారణం, ఆ విషం వల్లే చావు, ముద్దాయి దగ్గర ఆ విషం ఉండడం, దాన్ని ఇచ్చే అవకాశం. ల్యాబ్ మాట్లాడగలిగేది రెండోదాని గురించే, అదీ డాక్టరుతో కలిసి.

తెలంగాణ నిపుణులకు కల్తీ కల్లు ప్రత్యేకమైన చదువు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయిన చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలం వంటివి కలిపి కల్లు పేరుతో అమ్మడం దశాబ్దాలుగా ఉంది. మామూలు జనం కూడా ‘సీహెచ్’ అని, ‘డైజోఫాం’ అని ఈ పేర్లను పలుకుతారంటే ఎంతగా పాతుకుపోయిందో తెలుస్తుంది. 2015లో కల్తీపై దాడులు పెరిగి మత్తు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి ప్రవర్తనతో ఆసుపత్రులకు వచ్చారు. వాళ్లకు అలవాటైంది కల్లు ఒక్కటే కాదు, అందులో కలిపిన మందు కూడా. క్లోరల్ హైడ్రేట్‌ను పట్టుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది: పిరిడిన్, క్షారం వేసి వేడి చేస్తే ఎర్రబడుతుంది. ఆల్ప్రాజోలం అలా దొరకదు. అది చాలా కొంచెంతోనే మత్తు ఇస్తుంది కాబట్టి సీసాలో ఉండేది రవ్వంత. కల్లేమో పులుస్తూ నురగలు కక్కుతూ నిమిష నిమిషానికీ మారే పదార్థం. మూత బిగిస్తే పేలుతుంది, వదిలేస్తే కారుతుంది. ఇలాంటి నమూనాను ఎక్సైజ్ శాఖ సొంత రసాయన ల్యాబ్‌లూ చూస్తాయి. మరణం జరిగితే అది ఎఫ్‌ఎస్‌ఎల్‌కు వస్తుంది.

గంజాయి కేసుల్లో రసాయనం కన్నా చట్టమే చిక్కు. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాత ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కాదు. కిలో లోపు అయితే స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే కనీస శిక్ష పదేళ్లు, బెయిలు దొరకడం బహు కష్టం. కాబట్టి నిపుణులు మొదట సూక్ష్మదర్శినిలో ఆకు వెంట్రుకల ఆకారం చూస్తారు, తర్వాత రంగు పరీక్షలు, ఆ తర్వాత పలక, యంత్రం. తనలో ఉన్నది పూతకొసలేనా, ఆకూ కాడా కలిశాయా అన్నది ల్యాబ్‌కు వచ్చిన 24 గ్రాముల పొట్లం చెప్పగలదు గాని, ల్యాబ్ దాకా రాని 40 కిలోల సంచి గురించి చెప్పలేదు. అందుకే నమూనా తీసే పద్ధతి మీద ఇంత పట్టుదల. 2016లో సుప్రీంకోర్టు నమూనాలను మేజిస్ట్రేటు సమక్షంలోనే తీయాలని చెప్పింది. 2022 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనలు ఆ పద్ధతిని వివరంగా రాశాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అంత పెద్ద రాశి బూడిదయ్యాక కోర్టు దగ్గర మిగిలేవి చిన్న పొట్లాలూ ఫొటోలూ నివేదికలూ మాత్రమే.

హెరాయిన్ విషయంలో ఒక ప్రశ్న పన్నెండేళ్లు నలిగింది. తూకం వేయాల్సింది మొత్తం పొడినా, అందులోని అసలు మత్తుమందునా? 2008లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో పట్టుబడింది నాలుగు కిలోలకు పైగా పొడి. అసలు హెరాయిన్ నూటికి రెండు పాళ్లు కూడా లేదు. అసలు పాలే లెక్కించాలని కోర్టు అప్పుడు చెప్పింది. దాంతో ల్యాబ్‌లకు ‘ఉందా’ అన్న ప్రశ్నతో పాటు ‘ఎంత శాతం’ అన్నదీ తప్పనిసరైంది. 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసి, కలిపిన పిండితో సహా మొత్తం బరువే లెక్క అంది. ల్యాబ్‌లకు పని తేలికైంది, నిజమే. కానీ పావు గ్రాము మత్తును కిలో పిండిలో కలిపినవాడూ, కిలో స్వచ్ఛమైన సరుకు మోసినవాడూ ఒకే తక్కెడలో తూగడం న్యాయంగా అనిపించదు.

ఏసీబీ ట్రాప్ కేసుల్లో పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ఫిర్యాది ఇచ్చే నోట్లకు ఫినాల్ఫ్తలీన్ పొడి పూస్తారు. కంటికి కనబడదు. అధికారి నోట్లు ముట్టుకున్నాక మధ్యవర్తుల ఎదుట అతని వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాల్లో పోసి, సీలు వేసి, మధ్యవర్తుల నివేదికతో సహా పంపుతారు. ల్యాబ్‌కు చేరే నాటికి, కొన్నిసార్లు విచారణ నాటికి, ఆ గులాబీ వెలిసి నీళ్లు తేటగా కనబడతాయి. రంగేదీ అని డిఫెన్సు లాయరు సీసా ఎత్తి చూపిస్తాడు. మార్ష్‌ను 1833లో ఓడించిన సమస్యే ఇది. ఇక్కడ నిపుణుల జవాబు స్పష్టం: రంగు పోయినా పదార్థం పోదు. దాన్ని ఆమ్లంతో, ఈథర్‌తో బయటికి లాగి, పలక మీద నడిపి, మళ్లీ క్షారం తగిలిస్తే రంగు తిరిగొస్తుంది. అయితే నోట్లు తీసుకున్నాడని మాత్రమే ఇది చెబుతుంది. లంచంగా అడిగి తీసుకున్నాడా, అప్పు తిరిగి ఇచ్చాడనుకున్నాడా అన్నది సీసాలో దొరకదు.

మిగతా పనులూ ఇంతే ముఖ్యం, వాటి తీరూ ఇదే. కాలిన చీర ముక్కలో కిరోసిన్, పెట్రోలు వెతకడానికి గాలి చొరబడని డబ్బా కావాలి. కాగితపు కవరులో పంపితే ఆవిరి దారిలోనే పోతుంది, ఇక వరకట్న చావు కేసులో ఆ కవరు ఎందుకూ కొరగాదు. పేలుడు జరిగిన చోటి మట్టిలో నైట్రేట్లను నీళ్లతో, ఆర్‌డీఎక్స్ వంటివాటిని ఎసిటోన్‌తో తీస్తారు. తాగి బండి నడిపిన కేసులో రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటిందా అన్నది తేల్చాలి. రక్తం తీసే ముందు చర్మాన్ని స్పిరిటుతో తుడిచారా అన్న ఒక్క ప్రశ్నతో ఆ లెక్క ఊగిపోతుంది.

రిపోర్టు సంతకమయ్యాక దానికి చట్టంలో ప్రత్యేక స్థానం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 293వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 329వ సెక్షన్, ప్రభుత్వ రసాయన పరీక్షకుడి రిపోర్టును, ల్యాబ్ డైరెక్టర్, డిప్యూటీ, అసిస్టెంట్ డైరెక్టర్ల రిపోర్టును రాసినవాళ్లు సాక్ష్యం చెప్పకపోయినా కోర్టు చదువుకోవచ్చంటాయి. కోర్టు అవసరమనుకుంటే పిలిపించి ప్రశ్నించవచ్చు. నిపుణుల కొరత ఉన్న దేశంలో రోజూ వాళ్లను ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు తిప్పకుండా చేసిన ఏర్పాటిది. అమెరికాలో దారి వేరు. 2009లో అక్కడి సుప్రీంకోర్టు, కొకెయిన్ అని తేల్చిన నిపుణుడు స్వయంగా వచ్చి ప్రశ్నలకు నిలబడకపోతే ఆ కాగితం చెల్లదని ఐదుగురు న్యాయమూర్తుల మెజారిటీతో చెప్పింది.

ఆ తీర్పు ఎందుకు అవసరమో ఆ కేసు పుట్టిన రాష్ట్రంలోనే బయటపడింది. మాసచూసెట్స్ ప్రభుత్వ ల్యాబ్‌లో ఆనీ డూకన్ అనే రసాయన నిపుణురాలు మిగతావాళ్ల కన్నా ఎన్నో రెట్లు వేగంగా నమూనాలు తేల్చేది. పైవాళ్లు మెచ్చుకున్నారు. 2012లో గుట్టు రట్టయింది: చాలా నమూనాలను ఆమె పరీక్షించకుండా కంటితో చూసి రాసేది, కొన్నింట్లో ఫలితం కోసం వేరే పదార్థం కలిపేది. 2013లో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లింది. 2017లో కోర్టు 21,000కు పైగా కేసులను కొట్టేసింది. ప్రాసిక్యూటర్లతో ఆమె స్నేహంగా నడిపిన ఈమెయిళ్లు కూడా బయటికొచ్చాయి. లెక్క పెరిగితే చాలనుకునే ఆఫీసు, ల్యాబ్‌ను పోలీసుల జట్టులో భాగంగా చూసుకునే మనస్తత్వం, ఈ రెండూ కలిసిన చోట ఒక్క మనిషి వేల జీవితాలను తారుమారు చేయగలదని ఆ కేసు చూపించింది.

ఇక్కడి ల్యాబ్‌ల ముందున్న అసలు ప్రశ్న కూడా ఇదే. చాలా రాష్ట్రాల్లో నమూనా పంపేది పోలీసు శాఖ, ల్యాబ్‌ను నడిపేదీ పోలీసు లేదా హోంశాఖే. నిపుణులు నిజాయితీపరులే అయినా, కేసు కథంతా రాసిన కాగితం చదివి మరీ సీసా తెరిస్తే మనసు ముందే ఒక వైపు మొగ్గుతుంది. ఎవరి కేసో, ముద్దాయి ఎవరో కనబడకుండా నమూనాలకు అంకెలిచ్చి పరీక్షకు ఇవ్వడం పెద్ద ఖర్చు లేని సంస్కరణ. పేరుకుపోయిన కేసులు మరో భారం. బీఎన్‌ఎస్‌ఎస్ 176వ సెక్షన్ ఏడేళ్లు ఆపైన శిక్ష పడే ప్రతి నేరంలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలంటోంది, రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. అంటే సీసాలు ఇంకా పెరుగుతాయి. భవనాలు కట్టి, యంత్రాలు కొని, వాటి ముందు కూర్చునే మనుషులను నియమించకుండా ఆ గడువు దాటిస్తే, రిపోర్టు కోసం విచారణ ఖైదీ జైల్లోనూ, చనిపోయినవాళ్ల తల్లిదండ్రులు పోలీస్ స్టేషన్ మెట్ల మీదా ఎదురుచూస్తూనే ఉంటారు. పోలీసు శాఖకు బయట, తన బడ్జెట్టూ తన నియామకాలూ ఉన్న ల్యాబ్ ఏర్పడాలి. అంతవరకూ నిపుణుల స్వతంత్రత వాళ్ల వ్యక్తిగత ధైర్యం మీదే నడుస్తుంది.

ఇలాంటి కేసులో చిక్కుకున్న కుటుంబం చేయగలిగిన పని కొంత ఉంది. పోస్టుమార్టం రోజునే విసెరా తీశారా, ల్యాబ్‌కు ఎప్పుడు పంపుతారు అని అడగవచ్చు. చికిత్సలో ఉన్న మనిషికి మొదటి రోజు తీసిన రక్తం, మూత్రం, కడుపు కడిగిన నీళ్లు ఉంచమని డాక్టరును కోరవచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ 230వ సెక్షన్ ప్రకారం పోలీసు రిపోర్టుతో పాటు పెట్టిన పత్రాల నకళ్లు ముద్దాయికీ, లాయరును పెట్టుకున్న బాధితులకూ ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు చేతికొచ్చాక చివరి వాక్యం ఒక్కటే చదివి ఊరుకోకండి. సీలు సరిపోయిందని రాశారా, నమూనా ఏ తేదీన బయల్దేరి ఏ తేదీన చేరింది, పరీక్ష ఎప్పుడు జరిగింది, ఏయే పద్ధతులు వాడారు అన్నవి చూడండి.